పది లక్షల వృత్తాల్లో ఉత్పలమాల

బడిలో తెలుగు పద్యం శ్రద్ధగా చదివినవాళ్లను నిద్రలేపి అడిగినా ఉత్పలమాల గణాలు చెప్పేస్తారు: భ, ర, న, భ, భ, ర, వ. ఛందోగ్రంథాలు ఆ గణాల పక్కనే ఒక అంకె కూడా ఇస్తాయి. ఉత్పలమాలకి అది 3,55,799. మత్తేభానికి 2,98,676. దీన్ని వృత్తసంఖ్య అంటారు. పాదానికి ఇరవై అక్షరాలుండే వృత్తాలు ఎన్ని సాధ్యమో అన్నిటినీ ఒక పద్ధతి ప్రకారం రాసుకుంటూ పోతే, ఉత్పలమాల సరిగ్గా ఆ స్థానంలో వస్తుంది. గణాలు బట్టీ పట్టే పిల్లలు ఈ అంకె జోలికి పోరు. ఇంటర్‌లో ప్రస్తారాలు, సంయోగాలు అనే పాఠం ఎదురైనప్పుడు అది తమ పద్యాల పాఠానికి దగ్గరి చుట్టమని వాళ్లకి చెప్పేవాళ్లూ తక్కువే.

ఆ చుట్టరికం పింగళుడి దగ్గర మొదలైంది. ఆయన కాలం క్రీస్తుకు రెండు మూడు శతాబ్దాల ముందని పండితుల అంచనా. ఆయన ఛందస్సూత్రాల చివరి భాగం పద్యాల గురించి కాదు, లెక్కల గురించి. అక్షరం గురువైనా కావాలి, లఘువైనా కావాలి. ఒక్కో చోటికి రెండే అవకాశాలు. మూడక్షరాలకి రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. అందుకే మూడక్షరాల గణాలు ఎనిమిదే ఉన్నాయి, తొమ్మిదోది ఎవరూ కనిపెట్టలేరు. ఆ ఎనిమిదింటినీ గుర్తుంచుకోవడానికి పిల్లలు వల్లించే ‘యమాతారాజభానసలగం’లో పదే అక్షరాలు. ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడు తీసుకున్నా ఒక కొత్త గణం వస్తుంది, ఏదీ రెండోసారి రాదు. ఎనిమిదీ అందులోనే ఇమిడిపోయాయి.

అన్నిటినీ వరసగా పరచడమే ప్రస్తారం. మూడక్షరాలకైతే మగణం మొదటిది, నగణం ఎనిమిదోది. నాలుగు మెతుకులంత పట్టిక కాబట్టి పలక మీద రాసేయొచ్చు. ఇరవై అక్షరాలకి వచ్చేసరికి వరసలు 10,48,576. అవన్నీ ఎవరు రాస్తారు? పింగళుడి అసలు ప్రతిభ కనిపించేది ఇక్కడే. పట్టిక రాయకుండానే ఫలానా వృత్తం ఎన్నోదో చెప్పే దారి ఉద్దిష్టం. ఫలానా స్థానంలో ఏ వృత్తం ఉంటుందో చెప్పే దారి నష్టం.

ఉద్దిష్టం ఎంత తేలికో భగణం మీదే చూడొచ్చు. అక్షరాల నెత్తిన వరసగా 1, 2, 4 వేయాలి. అక్షరాలు పెరిగితే 8, 16 అంటూ రెట్టింపు చేసుకుంటూ పోవాలి. లఘువుల మీదున్న అంకెలు మాత్రం కూడి, ఒకటి కలపాలి. భగణంలో రెండో అక్షరం, మూడో అక్షరం లఘువులు. 2, 4 కలిపితే 6, ఇంకొకటి కలిపితే 7. ప్రస్తారంలో భగణం ఏడోదే. ఇదే పని ఇరవై అక్షరాల మీద చేస్తే ఉత్పలమాల 3,55,799 దగ్గర తేలుతుంది. నమ్మకం లేనివాళ్లు కాగితం, పెన్సిలు తీసుకుని చూసుకోవచ్చు, అయిదు నిమిషాల పని. రెండే గుర్తులతో అంకెలు రాసే కంప్యూటర్ల పద్ధతికి ఇది ఎంత దగ్గరో చూసినవాళ్లకి ఇట్టే తెలుస్తుంది.

ఒకటి నుంచి ఇరవై ఆరు అక్షరాల దాకా ఉన్న ఛందస్సులన్నీ కలిపితే వృత్తాలు 13,42,17,726. అందులో తెలుగు కవులు మనసుపడి వాడుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పింగళ సూత్రాలకి పదో శతాబ్దంలో వ్యాఖ్య రాసిన హలాయుధుడు ఇంకో ప్రశ్నకి జవాబు విప్పి చెప్పాడు: ఇన్ని గురువులతో ఎన్ని వృత్తాలు వస్తాయి? అంకెలను కొండ ఆకారంలో పేర్చి, పై రెండు గళ్లు కూడి కింది గడి నింపే మేరు ప్రస్తారం అది. యూరప్‌లో ఈ పట్టికకి పదిహేడో శతాబ్దపు పాస్కల్ పేరు స్థిరపడింది. ఉత్పలమాలలో ఎనిమిది గురువులు, పన్నెండు లఘువులు. అదే పాళ్లలో ఉండే వృత్తాలు మొత్తం 1,25,970.

ఈ ఎంపిక లెక్క కవులకే కాదు, వైద్యులకీ కావలసి వచ్చింది. ఆరు రుచులను కలిపే విధాలు 63 అని సుశ్రుత సంహిత చెబుతుంది: విడివిడిగా ఆరు, రెండేసి పదిహేను, మూడేసి ఇరవై, నాలుగేసి పదిహేను, అయిదేసి ఆరు, అన్నీ కలిపి ఒక్కటి. ఆ చివరి ఒక్కటే మన ఉగాది పచ్చడి. బృహత్సంహితలో వరాహమిహిరుడు పదహారు సుగంధ ద్రవ్యాల్లోంచి నాలుగేసి ఎన్నుకుంటే 1,820 కూర్పులని లెక్క తేల్చాడు. దీనికి సాధారణ సూత్రాన్ని తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు ఇచ్చాడు. ఆయన గణితసారసంగ్రహాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

గురులఘువుల లెక్కలో ప్రతి చోటా రెండు అవకాశాలు అలాగే ఉంటాయి. వేరువేరు వస్తువులను వరసలో పెట్టేటప్పుడు అలా కుదరదు, ఒకటి వాడేస్తే మిగిలేవి తగ్గుతాయి. 1150లో భాస్కరాచార్యుడు లీలావతి చివరి ప్రకరణం అంకపాశంలో దీన్ని దేవుళ్ల చేతులతో చెప్పాడు. శివుడికి పది చేతులు, పది ఆయుధాలు. మొదటి చేతికి పది అవకాశాలు, రెండోదానికి తొమ్మిది, ఆపైన ఎనిమిది. గుణించుకుంటూ పోతే 36,28,800 రూపాలు. విష్ణువుకి శంఖం, చక్రం, గద, పద్మం నాలుగే గనుక 24. సంధ్యావందనంలో కేశవ నామాలు ఇరవై నాలుగని తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. కేశవుడు, నారాయణుడు, మాధవుడు అంటూ శిల్పులు ఆ మూర్తులను వేరుచేసి చూపేది ఏ చేతిలో ఏది ఉందన్న దాన్ని బట్టే. ఇప్పుడు పుస్తకాల్లో 10! అని రాసే ఆశ్చర్యార్థకం మాత్రం 1808లో క్రిస్టియన్ క్రాంప్ పెట్టిన గుర్తు.

లెక్క చెప్పి ఊరుకోలేదు భాస్కరుడు. అంకెల్లో కొన్ని ఒకటే అయితే ఏం చేయాలో కూడా చూపించాడు. 2, 2, 1, 1తో 24 సంఖ్యలు రావు, ఆరే వస్తాయి. నేటి విద్యార్థులు ఎక్కువగా తడబడేది కూడా ఇక్కడే.

ఆయన మనుమడు చాంగదేవుడు దేవగిరి యాదవ రాజు సింఘణుడి ఆస్థాన జ్యోతిష్కుడు. తాతగారి గ్రంథాలు చదివించడానికి మఠం ఏర్పాటైందని, మహారాష్ట్రలో చాళీస్‌గావ్ దగ్గరి పాటణ గ్రామంలో 1207 నాటి శాసనం ఉంది. అదే సింఘణుడి కొలువులో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరం రాశాడు. ఏడు స్వరాలను మార్చి మార్చి పేరిస్తే 5,040 తానాలని చెప్పి, అందులో ఏది ఎన్నోదో కనుక్కోవడానికి ఖండమేరువు అనే పట్టిక ఇచ్చాడు. ఛందస్సులోని నష్టం, ఉద్దిష్టం సంగీతంలోకి అడుగుపెట్టాయన్నమాట.

తంజావూరును తెలుగు నాయకులు ఏలిన పదిహేడో శతాబ్దంలో వేంకటమఖి చతుర్దండిప్రకాశిక రాశాడు. రాగాలకి ఆధారమైన స్వరాల వరసలు, అంటే మేళాలు, ఎన్ని సాధ్యమో అందులో లెక్కగట్టాడు. షడ్జ పంచమాలు కదలవు. మధ్యమానికి రెండు అవకాశాలు, రిషభ గాంధారాల జంటకి ఆరు, ధైవత నిషాదాల జంటకి ఆరు. రెండు ఆర్లు పన్నెండు, పన్నెండు ఆర్లు డెబ్బై రెండు. ఇందులో ఒక్క మేళం తగ్గించడం గాని పెంచడం గాని ఫాలలోచనుడి తరం కూడా కాదని ఆయన సవాలు చేశాడు. అప్పటికి వాడుకలో ఉన్నవి మాత్రం పంతొమ్మిదే. మిగతావి చాలాకాలం లెక్కలోనే ఉండి, తర్వాతి వాగ్గేయకారుల చేతుల్లో మెల్లగా పాటలయ్యాయి. డెబ్బై రెండింటిలోనూ కృతులు కట్టిన తెలుగువాడు శంకరగుప్తం కుర్రవాడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ఆ కృతులు జనకరాగ కృతి మంజరి పేరుతో 1952లో అచ్చయ్యాయి.