సరిహద్దు సంస్కృతి, చెదిరిన ఆకరాలు: నారాయణపేట మతచరిత్రకు గ్రంథాలయ వనరులు

నారాయణపేట 2019 ఫిబ్రవరి 17న జిల్లా అయింది. అంతకుముందు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. కర్ణాటకను ఆనుకొని ఉన్న ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో కన్నడమో మరాఠీయో మాట్లాడతారు. బజారు వ్యవహారం తెలుగులో సాగుతుంది. నిజాం కాలపు కచేరీ కాగితాలు ఉర్దూలో ఉన్నాయి. ఇక్కడి మత జీవనాన్ని చదవబోయేవారికి ఆకరాలు లేవన్న మాట తరచు వినిపిస్తుంది. అది నిజం కాదు. ఆకరాలు ఉన్నాయి, అయితే భాషను బట్టి ఒకసారి, రాష్ట్రాన్ని బట్టి మరోసారి విడిపోయి ఉన్నాయి. పరిశోధకుడికి ఎదురవుతున్న ఇబ్బంది గ్రంథాల కొరత కంటే గ్రంథాలయాల అమరికలోనే ఎక్కువగా ఉందని ఈ వ్యాసం వాదన.

వీరశైవాన్నే తీసుకుందాం. పాల్కురికి సోమనాథుడు తెలుగులో రాసిన బసవపురాణాన్ని భీమకవి 1369లో కన్నడంలోకి తెచ్చాడు. సరిహద్దుకు రెండు వైపులా ఉన్న శివభక్తులకు ఈ రెండూ ఒకే సంప్రదాయపు గ్రంథాలు. డ్యూయీ దశాంశ వర్గీకరణలో మాత్రం తెలుగు సాహిత్యం సంఖ్య 894.827, కన్నడ సాహిత్యం సంఖ్య 894.814. మరాఠీ అయితే ఏకంగా మరో కుటుంబానికి, 891.46కు పోతుంది. మన ఊళ్ల గ్రంథాలయాల్లో సాధారణంగా ముందు భాషను బట్టి బీరువాలు పెట్టి, ఆ తర్వాతే విషయం చూస్తారు కాబట్టి ఈ ఎడం ఇంకా పెరుగుతుంది. దత్త సంప్రదాయం సంగతి మరీ విచిత్రం. శ్రీపాద శ్రీవల్లభుల కురువపురం రాయచూరు జిల్లాకు చెందిన కృష్ణాద్వీపం. నారాయణపేట జిల్లాలోని మక్తల్ వైపు నుంచి వెళ్లే భక్తులు పంచదేవ్‌పహాడ్ చేరి ఏరు దాటుతారు. ఆ క్షేత్రాన్ని వర్ణించిన గురుచరిత్ర సరస్వతీ గంగాధరుడి మరాఠీ రచన. తెలుగిళ్లలో పారాయణ చేసేది ఎక్కువగా ఎక్కిరాల భరద్వాజ రాసిన తెలుగు గురుచరిత్ర. క్షేత్రం కర్ణాటకది, దారి తెలంగాణది, మూలగ్రంథం మరాఠీది. వీటిలో ఏ ఒక్క బీరువా దగ్గర ఆగినా కథ సగమే దొరుకుతుంది.

రెండో చీలిక 1956లో వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషల ప్రాతిపదికన పంచినప్పుడు రాయచూరు జిల్లా నుంచి గద్వాల, అలంపురం తాలూకాలు, గుల్బర్గా జిల్లా నుంచి కొడంగల్, తాండూరు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. నేటి నారాయణపేట జిల్లాలోని కోస్గి, మద్దూరు కొడంగల్ వైపువే. కాబట్టి ఆ ఊళ్ల పాత సంగతులను మహబూబ్‌నగర్ పేరుతో వెతికితే లాభం లేదు, గుల్బర్గా పేరుతో వెతకాలి. అచ్చయిన ఆకరాలకూ ఇదే జాగ్రత్త కావాలి. లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో ప్రచురించిన తెలంగాణ శాసనములు చూసినవారు పాత మహబూబ్‌నగర్ జిల్లాలో దొరికిన కల్యాణి చాళుక్యుల కన్నడ శాసనాలనూ కలిపి చదవాలి. సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో తెచ్చిన నిజాం రాజ్యపు కులాలు, తెగల గ్రంథంలో ఆచారాల సమాచారం పుష్కలంగా ఉంది. కానీ అది పాలకుల అవసరం కోసం పుట్టిన పుస్తకం. కులాన్ని కదలని పెట్టెగా చూస్తుంది. నా దృష్టిలో 1961 జనగణనతోపాటు వెలువడిన జాతరలు, పండుగల సంపుటాలు అంతకంటే నమ్మదగినవి. అవి కులం దగ్గర కాక ఊరి దగ్గర మొదలవుతాయి.

మౌఖిక సంప్రదాయం బలంగా ఉన్న చోట గ్రంథాలయాలతో పనేమిటని కొందరు అడుగుతారు. పీర్ల పండుగ పాట, దాసుల కీర్తన నోటినుంచి నోటికి వచ్చినవే, కాదనం. అయితే పాట ఎప్పుడు మారిందో, ఏది కొత్తగా చేరిందో తేల్చాలంటే పక్కన రాతప్రతి ఉండాలి. అన్నీ స్కాన్ అవుతున్నాయి కదా అనే అభ్యంతరం ఇంకా తేలికైనది. పుస్తకం పేరే తప్పుగా నమోదైన స్కాన్ చేతికందదు. ఈ తరహా తప్పులు మన డిజిటల్ భాండాగారాల్లో కొల్లలు.

చెదిరిన ఈ ఆకరాలను ఒకచోట చేర్చాలన్న ఆలోచనకు గట్టి అభ్యంతరం ఒకటుంది: ప్రాంతం పేరుతో ప్రత్యేక సేకరణ పెడితే తెలుగు సాహిత్యం నుంచి ఈ జిల్లాను వేరు చేసినట్టు కాదా? అమెరికాలో మెక్సికో సరిహద్దున ఉన్న టెక్సాస్ రాష్ట్రం దీనికి జవాబు చెబుతుంది. అక్కడి విశ్వవిద్యాలయం 1921లో మెక్సికో పండితుడు హెనారో గార్సియా గ్రంథాలయాన్ని కొన్నది. ఆ పునాదిపై పెరిగిన బెన్సన్ సేకరణలో స్పానిష్, పోర్చుగీసు, ఇంగ్లిష్ పుస్తకాలు ఒకే కప్పు కింద ఉన్నాయి. లాటినో సమాజాల మతాన్ని, సంస్కృతిని చదివేవారు ఇవాళ అక్కడికి వెళతారు. దానివల్ల ఇంగ్లిష్ సాహిత్యానికి పోయిందేమీ లేదు.

మనకు అంత ధనం అక్కర్లేదు, పుస్తకాలను కదిలించనూ అక్కర్లేదు. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ ఆకరాలు ఏ ఊళ్లో, ఏ సంస్థలో ఉన్నాయో చెప్పే ఉమ్మడి సూచి ఒకటి చాలు. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతూనే ఉంది. జిల్లా గ్రంథాలయ సంస్థ అందులో కొంత ఈ సూచికి కేటాయించాలి. కన్నడం, మరాఠీ చదవగల స్థానిక ఉపాధ్యాయులను ఆ పనికి పిలవాలి.