ఆలస్యంగా వచ్చినవాళ్లు

అమెరికా కళాశాలల క్రీడాసంస్థ ఎన్‌సీఏఏ పురుషుల ఐస్ హాకీ పోటీలు 1948లో మొదలుపెట్టింది. స్త్రీలకి ఆ పోటీ 2001లో గానీ రాలేదు. ఆ మొదటి ఫైనల్లో మిన్నెసొటా డులూత్ 4-2తో సెయింట్ లారెన్స్‌ని ఓడించింది. ఆ రికార్డు చూస్తూ నేనొక చోట ఆగిపోయాను. మిగతా ఆటల్లో డులూత్ రెండో డివిజన్‌ది. కాంటన్ అనే చిన్న ఊళ్లో ఉన్న సెయింట్ లారెన్స్ మూడో డివిజన్‌ది.

1973లో ఏర్పడ్డ ఈ మూడు డివిజన్లలో చివరిదానికి ఆట పేరిట స్కాలర్‌షిప్ ఇచ్చే హక్కు లేదు. చదువే ముఖ్యమన్న ఆదర్శం అందులో ఉంది, కాదనను. హాకీలో మొదటినుంచీ పెద్ద జట్లతో ఆడుతున్న సెయింట్ లారెన్స్, క్లార్క్‌సన్ వంటి వాటికి మాత్రం మినహాయింపు దొరికింది. 2004 జనవరిలో దాన్నీ తీసేద్దామన్నారు. సభ్యుల ఓటుతో పాతవాళ్లకి అది నిలిచింది, కొత్తవాళ్లకి తలుపు మూసుకుపోయింది.

క్లార్క్‌సన్ అమ్మాయిలు ఆ స్థాయిలో ఆడటం మొదలుపెట్టింది సరిగ్గా ఆ 2003-04 సీజన్లోనే. 2014లో మిన్నెసొటాని 5-4తో ఓడించి జాతీయ విజేతలయ్యారు. ఓటు ఇంకోలా పడివుంటే?

అదే ఏడాది స్కాలర్‌షిప్పులివ్వని యూనియన్ కళాశాల పురుషులూ గెలిచారు. డబ్బు లేకున్నా గెలవచ్చని దాన్నే చూపిస్తారు. ఫీజు కట్టలేని ఇంటి అమ్మాయి ఆ లెక్కలోకి రాదు.

2012లో పై డివిజన్‌కి వచ్చిన రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ స్త్రీలు 2022లో నియమం మారేదాకా స్కాలర్‌షిప్ లేకుండానే ఆడారు. అక్కడి పురుషులకీ అదే నియమం, నిజమే. కానీ ఆలస్యంగా వచ్చారని తలుపు మూసేముందు, వాళ్లని ఇన్నాళ్లూ బయట ఉంచిందెవరో అడగాలి కదా.