కొవ్వొత్తి ఆరాకే నీళ్లెందుకు ఎక్కాయి?

మొన్న ఆదివారం మా అమ్మాయి పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, పైన గాజు గ్లాసు బోర్లించింది. మంట ఆరింది, నీళ్లు గ్లాసులోకి ఎక్కాయి. "ఆక్సిజన్ అయిపోయింది కదమ్మా, ఆ ఖాళీలోకి నీళ్లొచ్చాయి" అంది. యూట్యూబ్‌లో అలాగే చెప్పారట.

నాకు శామీర్‌పేట దగ్గరి మా ఊరి బడి గుర్తొచ్చింది. 1988లో జన విజ్ఞాన వేదిక మొదలయ్యాక సైన్సు ప్రదర్శనలు ఊళ్లకు రావడం పెరిగింది. పిల్లల కోసం 'చెకుముకి' పత్రిక కూడా వాళ్లదే. తొంభైల మొదట్లో మా బడికి ఒక సైన్స్ మాస్టారు పెట్టె మోసుకొచ్చారు. పసుపు నీళ్లలో సున్నం కలిపి ఎర్రగా మార్చారు, నిమ్మరసం పిండి మళ్లీ పసుపు చేశారు. మన పారాణి వెనుక రసాయన శాస్త్రం ఉందని నాకు ఆరోజే తెలిసింది.

తర్వాత ఇదే కొవ్వొత్తి ప్రయోగం. గాలికి మూడుసార్లు ఆరిపోయింది. చివరికి కుదిరాక, వెనకాల కూర్చున్న ఓ పిల్ల లేచి, "సార్, ఆక్సిజన్ తగ్గేది మండేటప్పుడు కదా, మరి నీళ్లు ఆరినంక ఎందుకు ఎక్కినయ్?" అని అడిగింది. మాస్టారు కోప్పడలేదు. రెండు కొవ్వొత్తులు పెట్టి మళ్లీ చేశారు. నీళ్లు ఇంకా పైకి ఎక్కాయి. గ్లాసు అదే, అందులో ఆక్సిజన్ కూడా పెరగలేదు కదా! మంట వేడికి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుందని, మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుంటే బయటి గాలి ఒత్తిడి నీళ్లను లోపలికి నెడుతుందని అప్పుడు చెప్పారు.

తెరమీద పాఠాలు కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నాసా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊళ్లకు టీవీ కార్యక్రమాలు అందాయి. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ ఉన్నాయి, కార్యక్రమాలు తెలుగులోనే వచ్చేవి. పొద్దున పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. అయితే ఊరికంతటికీ ఒక్క టీవీ, అందరూ కలిసి చూసేవారు. 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో బడి పాఠాలు మొదలయ్యేనాటికి, మేడ్చల్‌లోని మా ఇంట్లో మూడో తరగతి పిల్ల ఒక్కతే ఫోన్ ముందు కూర్చుంది.

ఆమెనే ఎందుకనాలి? మరుసటేడు నేనూ ఒంటరిగా ఒక వీడియో చూసి, భయపడి, అత్తమ్మకు టీకా వేయించడం నెల రోజులు వాయిదా వేశాను. కొవాగ్జిన్ తయారైంది మా శామీర్‌పేట పక్కనున్న జీనోమ్ వ్యాలీలోనే. అయినా ఎవర్నీ ఒక్క ప్రశ్న అడగలేదు. దేవుడి దయవల్ల అత్తమ్మకు ఏమీ కాలేదు, కానీ ఆ నెల తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

వీడియోలు చెడ్డవని కాదు. మారుమూల పిల్లకు కూడా మంచి ప్రయోగాలు కనిపిస్తున్నాయి. కాకపోతే మూడుసార్లు ఆరిపోయిన కొవ్వొత్తిని కత్తిరించేస్తారు, వెనకాల కూర్చున్న పిల్లకు అక్కడ చోటుండదు. ఆ పిల్ల పని ఇంట్లో మనమే చేయాలి.

"మరి ఆరాకే ఎందుకు ఎక్కాయే?" అని మా అమ్మాయిని అడిగాను. కాసేపు పళ్లెం వంక చూసింది. ఇప్పుడు రెండో కొవ్వొత్తి కోసం నా వంటింటి డబ్బాలన్నీ కిందికి దించుతోంది.