వైద్యుడు కనుగొన్న ప్రవాహసూత్రము

నీరు వడిగాను, తేనె మెల్లగాను పారుటకు కారణము స్నిగ్ధత. ద్రవపు పొరలు ఒకదానిపై నొకటి జారునపుడు కలుగు నిరోధము, వాని వేగముల తేడాకు అనులోమముగా నుండునని న్యూటన్ 1687లో ప్రతిపాదించెను.

సన్నని రక్తనాళములలో రక్తమెట్లు ప్రవహించునో పారిస్ వైద్యుడు పాయిజెయ్ తెలియగోరెను. వెలికి తీసిన రక్తము గడ్డకట్టును. కనుక 1840 ప్రాంతమున ఆతడు వెండ్రుకవంటి గాజు నాళికలలో నీటిని పారించి కొలిచెను. పీడనము, పొడవు మారనిచో, ప్రవాహము వ్యాసార్ధపు నాల్గవ ఘాతమును అనుసరించునని తేలెను. జర్మన్ ఇంజనీరు హాగెన్ వేరుగా 1839లోనే ఈ ఫలితమును ప్రకటించియుండెను.

అనగా వ్యాసార్ధము సగమైనచో ప్రవాహము 16వ వంతునకు పడిపోవును! రక్తము నీటివంటి సరళ ద్రవము కాదు. అయినను సన్నని ధమనులు కొద్దిగా కుంచించుకొన్నంతనే రక్తపు పోటు ఏల పెరుగునో ఈ సూత్రము వలన బోధపడును. స్నిగ్ధతను కొలుచు 'పాయిజ్' అను ప్రమాణమునకు ఆ వైద్యుని పేరే పెట్టిరి.