పులస వచ్చిందా? సర్వర్ ఎందుకు నెమ్మదించింది?

యానాం నుంచి మళ్లీ మీ ముందుకొచ్చా. ఈసారి అమెరికాలో 1980లలో జరిగిన కథ చెబుతా. మొదలు మాత్రం మన గోదారి ఒడ్డునే.

వరదల రోజుల్లో ఇక్కడ చేపలమ్మే ఆవిడ ఫోన్ పొద్దున్నుంచీ మోగుతూనే ఉంటుంది. "పులస వచ్చిందా?" "ఇంకా లేదండీ." పది నిమిషాలకి అదే మనిషి, అదే ప్రశ్న. బేరం చేసే టైమ్ అంతా జవాబులకే సరి. ఇది గుర్తుపెట్టుకోండి.

పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు ప్రొఫెసర్‌గా పనిచేసింది అక్కడే. ఆ యూనివర్సిటీ, ఐబీఎం కలిసి ఆండ్రూ అనే ప్రాజెక్టు పెట్టాయి. ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా మన ఫైళ్లు మనకి కనపడాలి, అదీ 5,000కి పైగా మెషీన్ల మీద. ఫైళ్లు కొన్ని సర్వర్లలో ఉంటాయి. మనం ఫైల్ తెరిస్తే దాని కాపీ మన మెషీన్‌లోకి వచ్చేస్తుంది.

ముందు 6 సర్వర్లు, 100 దాకా కంప్యూటర్లతో నడిపి చూశారు. జనం పెరిగేకొద్దీ నత్తనడక. మనమైతే ఏమంటాం? పెద్ద సర్వర్ కొనెయ్యండి అంటాం. వాళ్లు ముందు లెక్కపెట్టారు. సర్వర్‌ని అసలు ఏం అడుగుతున్నారు? నూటికి దాదాపు 62 సార్లు "నా దగ్గరున్న కాపీ ఇంకా పనికొస్తుందా?" అన్న ప్రశ్నే. ఇంకో 27 సార్లు ఫైల్ వివరాలు. నిజంగా ఫైల్ తీసుకోవడం, దాచడం రెండూ కలిపి నూటికి ఆరే. సర్వర్ ప్రాసెసర్ ఊపిరాడకుండా చేస్తున్న పనిలో ఎక్కువ భాగం "పులస రాలేదండీ" అని చెప్పడమే!

మందు కూడా అక్కడే దొరికింది. "మీరు అడగొద్దు, ఫైల్ మారితే నేనే కబురు పెడతా" అని సర్వర్ మాటిచ్చింది. దాన్నే కాల్‌బ్యాక్ అన్నారు. ఒక్కో కంప్యూటర్‌కి ఒక్కో ప్రాసెస్ పెట్టడం మానేశారు. ఒక సర్వర్ మీద బరువు ఎక్కువైతే ఫైళ్ల గుంపుని, అంటే వాల్యూమ్‌ని, ఇంకో సర్వర్‌కి జరిపే వీలు పెట్టారు. అంతకుముందు 20 కంప్యూటర్లకే ఆయాసపడిన సర్వర్ 50 దాకా మోసింది. 1988లో ఈ లెక్కలన్నీ పేపర్‌గా అచ్చేశారు. రాసినవాళ్లలో మద్రాస్ ఐఐటీలో చదివిన సత్యనారాయణన్ గారొకరు.

ఊరికే రాలేదులెండి. ఎవరికి కబురు పెట్టాలో సర్వర్ రాసుకోవాలి. సర్వర్ పడిపోయి లేస్తే ఆ జాబితా పోతుంది, అందరూ మళ్లీ అడగాల్సిందే. చేపలావిడ పుస్తకం గోదాట్లో పడ్డట్టు అన్నమాట. అయినా ఆ బేరం లాభమే. తర్వాత వచ్చిన ఎన్ఎఫ్ఎస్ నాలుగో వెర్షన్‌లో డెలిగేషన్ అనేది కూడా ఇలాంటి మాటిచ్చే పద్ధతే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ బోల్తాపడ్డా. ఇక్కడ ఒక చిన్న ఆఫీసులో అందరూ వాడే స్టోరేజ్ నెమ్మదించింది. నేను పెద్ద ఎక్స్‌పర్ట్‌లా కొత్త డిస్కులు కొనిపించా. డబ్బులైతే అయిపోయాయి, వేగం మాత్రం అంతే! తర్వాత కూర్చుని లెక్క తీస్తే, ప్రతి కంప్యూటర్‌లోనూ ఒక పాత ప్రోగ్రామ్ "ఫోల్డర్‌లో ఏమైనా మారిందా?" అని క్షణక్షణం అడుగుతోంది. దాన్ని ఆపితే చాలు, పని సాఫీగా సాగింది. పైసా ఖర్చులేదు. ఆ ఆఫీసాయన నన్నేమీ అనలేదు గానీ, నాకే తల ఎత్తబుద్ధి కాలేదండీ.

అందుకే, మీ దగ్గర సిస్టమ్ ఏదైనా నెమ్మదిస్తే పర్సు తీసేముందు ఒక కాగితం తియ్యండి. దాన్ని ఎవరు, ఏం, ఎన్నిసార్లు అడుగుతున్నారో రాయండి. రోగం సగం అక్కడే తెలిసిపోతుంది. ఉంటానండీ, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.