కండరంలో భాస్వరం: యల్లాప్రగడ సుబ్బారావు, ఒట్టో మేయర్‌హోఫ్

యల్లాప్రగడ సుబ్బారావు గురించి తెలుగులో వచ్చిన రచనల్లో ఎక్కువ భాగం మందుల చుట్టూ తిరుగుతాయి. ఫోలిక్ ఆమ్లం, హెట్రజాన్, ఆరియోమైసిన్, క్యాన్సర్ వైద్యానికి దారి తీసిన యాంటీఫోలేట్‌లు. ఇవన్నీ నిజమే. అయితే ఇవన్నీ న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన గడిపిన చివరి ఎనిమిదేళ్ల పంట. అంతకుముందు హార్వర్డ్‌లో గడిచిన పదిహేడేళ్లను మనవాళ్లు కష్టాల కథగా చెప్పి దాటేస్తారు. ఆయన చేసిన పనుల్లో శరీరధర్మశాస్త్రపు పునాదినే కదిలించినది మాత్రం ఆ తొలి కాలానిదే. అది ఎంత పెద్దదో తెలియాలంటే దాన్ని ఒక జర్మన్ శాస్త్రవేత్త సిద్ధాంతం పక్కన పెట్టి చూడాలి.

ఆ శాస్త్రవేత్త ఒట్టో మేయర్‌హోఫ్. 1884లో హానోవర్‌లో పుట్టాడు. హైడెల్‌బర్గ్‌లో వైద్యం చదివాడు. మొదట్లో ఆసక్తి మనోవ్యాధుల మీద, తత్త్వశాస్త్రం మీద. జీవరసాయన శాస్త్రవేత్త ఒట్టో వార్‌బుర్గ్ సాహచర్యం వల్ల కణ శ్వాసక్రియ వైపు మళ్లాడు. కీల్ విశ్వవిద్యాలయంలో కప్ప కండరాలపై ప్రయోగాలు చేసి, ప్రాణవాయువు లేనప్పుడు కండరంలోని గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారుతుందని, ప్రాణవాయువు అందగానే ఆ ఆమ్లంలో కొద్ది భాగం దహించుకుపోయి మిగిలింది తిరిగి గ్లైకోజెన్ అవుతుందని కొలిచి చూపించాడు. 1922 సంవత్సరపు నోబెల్ బహుమతిని బ్రిటిష్ శాస్త్రవేత్త ఎ.వి. హిల్‌తో కలిసి పంచుకున్నాడు. బహుమతి అందింది 1923లో. కండరం ముడుచుకోవడానికి ప్రత్యక్ష కారణం లాక్టిక్ ఆమ్లమేనని అప్పటి శరీరధర్మశాస్త్రం దాదాపు ఏకగ్రీవంగా నమ్మింది. కొలతలు అంత పక్కాగా ఉన్నప్పుడు నమ్మకపోవడం కష్టం కూడాను.

అదే 1923 అక్టోబరు 26న సుబ్బారావు బోస్టన్‌లో దిగాడు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకుని, మూడో ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మెట్రిక్యులేషన్ గట్టెక్కిన కుర్రవాడతను. పదమూడో ఏట కాశీకి పారిపోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని బయలుదేరినవాడు కూడా. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను తొడుక్కుని శస్త్రచికిత్సకు వెళ్లినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురయ్యాడు. ఎం.బి.బి.ఎస్. రాలేదు, తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు సోదరులు సంగ్రహణితో పోయారు. అదే జబ్బు తనకూ వస్తే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికాడు. తరవాత లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం చెప్పాడు. అమెరికా ప్రయాణానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది, మామగారు డబ్బు పోగుచేశారు. నాయకర్ రంగూన్‌లో సంపాదించి కాకినాడలో ధర్మానికి రాసిన ఆస్తికి కండరాల రసాయనంతో ఇలా చుట్టరికం కలిసింది.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పూర్తిచేశాక ఒట్టో ఫోలిన్ నడిపే జీవరసాయన విభాగంలో చేరాడు. అక్కడ సైరస్ ఫిస్క్ అతనికి అప్పగించిన పని చూడటానికి చాలా చిన్నది: రక్తంలో, మూత్రంలో, కణజాలంలో భాస్వరం ఎంత ఉందో నమ్మకంగా కొలిచే పద్ధతి తయారుచేయాలి. పాత పద్ధతి లేకపోలేదు. ఫాస్ఫేట్‌ను ఆమ్ల మాలిబ్డేట్‌తో కలిపి, హైడ్రోక్వినోన్‌తో క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఆ రంగు చిక్కదనమే కొలత. కానీ రంగు తేలడానికి చాలాసేపు పట్టేది, నిలకడగానూ ఉండేది కాదు. ఫిస్క్, సుబ్బారావు హైడ్రోక్వినోన్ బదులు అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం వాడారు. రంగు నిమిషాల్లో తేలింది. 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో అచ్చయిన ఈ పద్ధతి వారి ఇద్దరి పేర్లతోనే స్థిరపడింది, ఇప్పటికీ జీవరసాయన విద్యార్థుల చేతుల్లో నడుస్తోంది.

అసలు విశేషం ఇక్కడే మొదలవుతుంది. కొత్త పద్ధతిని కండరం నుంచి తీసిన వడపోత ద్రవం మీద ప్రయోగించినప్పుడు రంగు అనుకున్న వేగంతో రాలేదు. కొంచెం వచ్చి, ఆ తరవాత మెల్లమెల్లగా పెరుగుతూ పోయింది. చాలామంది దీన్ని పద్ధతి లోపమని సర్దుకునేవారు. వీరిద్దరూ అలా సర్దుకోలేదు. ఫాస్ఫేట్ విడిగా ఉంటే రంగు వెంటనే రావాలి. ఆలస్యమవుతోందంటే అది దేనికో అంటుకుని ఉంది, పరీక్షకు వాడే ఆమ్లమూ మాలిబ్డేటూ ఆ బంధాన్ని నెమ్మదిగా తెంచుతున్నాయి. నిదానంగా పనిచేసే పాత పద్ధతిలో ఈ తేడా బయటపడే అవకాశమే లేదు. రంగు తేలే లోపలే ఆ పదార్థం విరిగిపోయేది. కొలత వేగవంతం కావడమే ఇక్కడ కొత్త సత్యాన్ని పట్టిచ్చింది.

అంటుకుని ఉన్నది క్రియాటిన్ అని, ఒక క్రియాటిన్ అణువుకు ఒక ఫాస్ఫేట్ చొప్పున ఉందని 1927లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. కండరంలో స్వేచ్ఛగా ఉందని అందరూ లెక్కవేస్తూ వచ్చిన ఫాస్ఫేట్‌లో అధిక భాగం నిజానికి ఈ ఫాస్ఫోక్రియాటినే. పిల్లి కండరాన్ని విద్యుత్తుతో ప్రేరేపించి అలసిపోయేలా చేస్తే అది తరిగింది, విశ్రాంతి ఇస్తే తిరిగి పెరిగింది. అదే ఏడాది, కొద్ది ముందుగా, లండన్‌లో ఫిలిప్, గ్రేస్ ఎగుల్టన్ దంపతులు కప్ప కండరంలో ఇలాంటి అస్థిర ఫాస్ఫేట్ ఉందని గుర్తించి దానికి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. అయితే ఆ పదార్థం రసాయన స్వరూపాన్ని, క్రియాటిన్ పాత్రను తేల్చింది హార్వర్డ్ జంటే. 1929లో సవివరమైన వ్యాసం కూడా వెలువడింది. గ్లైకోజెన్ గాదెలోని ధాన్యమైతే, ఫాస్ఫోక్రియాటిన్ దంచి డబ్బాలో పోసుకున్న బియ్యం: అవసరం పడిన క్షణాన చేతికందేది.

లాక్టిక్ ఆమ్ల సిద్ధాంతానికి దీంతో బీటలు పడ్డాయి, కానీ వెంటనే కూలలేదు. 1930లో కోపెన్‌హేగెన్‌లో ఐనార్ లుండ్స్‌గార్డ్ అయోడోఅసిటిక్ ఆమ్లంతో విషపూరితం చేసిన కండరాలను పరీక్షించాడు. వాటిలో లాక్టిక్ ఆమ్లం ఏర్పడనే లేదు. అయినా అవి ముడుచుకున్నాయి, ఫాస్ఫోక్రియాటిన్ మాత్రం పనికి తగ్గట్టు తరిగింది. కండర శరీరధర్మశాస్త్రంలో ఇది విప్లవమని ఎ.వి. హిల్ స్వయంగా 1932లో రాశాడు. మేయర్‌హోఫ్ కూడా మొండికేయలేదు. లుండ్స్‌గార్డ్‌కు తన ప్రయోగశాలలో చోటిచ్చాడు. నోబెల్ తెచ్చిపెట్టిన సిద్ధాంతం కళ్ల ముందే పక్కకు తప్పుకుంటుంటే, ఆయన బృందం గ్లూకోజు విచ్ఛిన్నంలోని మెట్లను ఒక్కొక్కటే విప్పుతూ పోయింది. శాస్త్రవేత్తగా ఆయన్ని నేను గౌరవించేది బహుమతి కంటే ఈ తీరు చూసే.

కణాల్లో శక్తిని చేరవేసే ఏటీపీ (అడినోసిన్ ట్రైఫాస్ఫేట్) విషయంలో మాత్రం మనం కొంచెం ఆగి మాట్లాడాలి. ఏటీపీని సుబ్బారావే కనుగొన్నాడని తెలుగు సభల్లో తరచు వినిపిస్తుంది. మేయర్‌హోఫ్ సహచరుడు కార్ల్ లోమాన్ 1929 ఆగస్టులో దీన్ని జర్మన్ పత్రికలో ప్రకటించాడు. ఫిస్క్, సుబ్బారావుల ప్రకటన అదే ఏడాది అక్టోబరులో సైన్స్‌లో వచ్చింది. రెండు ప్రయోగశాలలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఒకే పదార్థాన్ని వేరుచేశాయి. అచ్చులో తొలి స్థానం లోమాన్‌ది, సహ ఆవిష్కర్తలుగా గౌరవం హార్వర్డ్ వారిది. ఫాస్ఫోక్రియాటిన్ నుంచి ఏటీపీ ఎలా పునరుత్పత్తి అవుతుందో 1934లో చూపించినది కూడా లోమానే. ఈ మాట ఒప్పుకున్నంత మాత్రాన సుబ్బారావు ఘనత రవ్వంత కూడా తగ్గదు.

తగ్గించినవారు వేరే ఉన్నారు. 1988లో నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ హార్వర్డ్‌లో అదే జీవరసాయన విభాగంలో పరిశోధన చేసినవాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్‌లను ఫిస్క్ అసూయతో వెలుగు చూడనివ్వలేదని, వాటిని తరవాతివారు మళ్లీ కొత్తగా కనుగొనవలసి వచ్చిందని ఆయన తరవాతి కాలంలో చెప్పాడు. సుబ్బారావు 1930లో పీహెచ్.డి. పొందాడు కానీ హార్వర్డ్‌లో శాశ్వత స్థానం దక్కలేదు.

1940 సుబ్బారావు, మేయర్‌హోఫ్ ఇద్దరి జీవితాల్లోనూ మలుపే. యూదు కుటుంబంలో పుట్టిన మేయర్‌హోఫ్ 1938లో జర్మనీ విడిచి పారిస్ చేరాడు. నాజీ సేనలు అక్కడికీ రాగా పిరనీస్ పర్వతాలు దాటి స్పెయిన్ మీదుగా 1940లో అమెరికా చేరుకుని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డాడు. 1951లో ఫిలడెల్ఫియాలో మరణించాడు. సుబ్బారావు ఆ 1940లోనే లెడర్లీకి మారాడు. 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ల వయసులో పోయాడు. సంగ్రహణికి విరుగుడుగా ఫోలిక్ ఆమ్లం, గోదావరి డెల్టాను పట్టి పీడించిన బోదకాలుకు హెట్రజాన్ లెడర్లీ నుంచే వచ్చాయి. డి.ఇ.సి. పేరుతో ఆ రెండో మందును తరవాతి కాలంలో ఉభయ గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ పంచారు.

ఈ మందుల కథ మన పిల్లలకు ఇప్పటికే కొంత తెలుసు. కండరం ఎలా పనిచేస్తుందో చెప్పే పాఠంలో ఫాస్ఫోక్రియాటిన్ పేరు వస్తుంది, దాన్ని కనుగొన్నవారి పేర్లు రావు. తెలుగులో జీవశాస్త్ర వాచకాలు రాసేవారు ఆ వాక్యం పక్కన 1927 అని, ఫిస్క్, సుబ్బారావు అని చేర్చాలి. ఏటీపీ దగ్గర లోమాన్ పేరు కూడా రాయాలి.