అర్ధవీడు చిరు వ్యాపారం: కరోనా ఆంక్షలు, అందిన సాయం

అర్ధవీడు: కరోనా కాలంలో కొట్టు మూయాలన్న ఆదేశం అందరికీ ఒక్కటే. ఆ తర్వాత అందిన సాయం మాత్రం అందరికీ ఒక్కటి కాదు. పట్టణంలో తోపుడుబండి నడిపేవారికి ఒక పథకం, దర్జీకి మరో పథకం, బ్యాంకులో అప్పటికే అప్పున్న వ్యాపారికి ఇంకొకటి వర్తించాయి. నల్లమల అంచున ఉన్న అర్ధవీడు వంటి మండల కేంద్రంలో చిల్లర కొట్టు, టీ బంకు, కూరగాయల గంప నమ్ముకున్నవారికి ఏది వర్తించిందో, ఏది వర్తించలేదో ఒకచోట చూస్తే అసలు లోటు ఎక్కడుందో తెలుస్తుంది.

ఉగాది నాడే మూత

అప్పటి ప్రకాశం జిల్లాలో తొలి కరోనా కేసు 2020 మార్చి 19న ఒంగోలులో నమోదైంది. మార్చి 22న జనతా కర్ఫ్యూ ముగిసీ ముగియకముందే రాష్ట్ర ప్రభుత్వం ఆ నెలాఖరు వరకు లాక్‌డౌన్ ప్రకటించింది. మార్చి 25 నుంచి దేశమంతటా 21 రోజుల లాక్‌డౌన్ మొదలైంది. ఆ రోజు శార్వరి నామ సంవత్సర ఉగాది. కొత్త బట్టలు, బెల్లం, పూలు, పండ్లు అమ్ముడయ్యే రోజునే అంగడి వీధులు బోసిపోయాయి.

గడువును మూడు విడతలుగా మే 31 వరకు పొడిగించారు. మొత్తం 68 రోజులు. ఈ మధ్యలోనే శ్రీరామనవమి, పెళ్లిళ్ల ముహూర్తాలు, రంజాన్ వచ్చి వెళ్లాయి. నిత్యావసర సరుకులు అమ్మే కిరాణా కొట్లకు, మందుల దుకాణాలకు నిర్ణీత వేళల్లో అనుమతి ఉండేది. బట్టలు, చెప్పులు, ఫ్యాన్సీ సరుకులు, దర్జీ పని, క్షౌరశాల, హోటల్ మాత్రం పూర్తిగా నిలిచిపోయాయి.

ఏప్రిల్ 24న కేంద్ర హోంశాఖ ఇచ్చిన సవరణతో గ్రామీణ ప్రాంతాల్లోని దుకాణాలకు సగం మంది పనివారితో, మాస్కులు, భౌతిక దూరం నిబంధనలతో తెరిచే వీలు కలిగింది. కట్టడి ప్రాంతాలకు ఇది వర్తించలేదు. క్షౌరశాలలు, హోటళ్లు ఈ సడలింపులోకి రాలేదు. ఏప్రిల్ నెలాఖరున కేంద్రం జిల్లాలను రంగులుగా విభజించినప్పుడు ప్రకాశం జిల్లా ఆరెంజ్ జోన్‌లో నిలిచింది. హోటళ్లలో కూర్చుని తినేందుకు జూన్ 8 నుంచే అనుమతి వచ్చింది. అప్పటిదాకా పార్శిళ్లే గతి.

రెండో ఏడాది మధ్యాహ్నం 12 గంటలకే

2021లో రెండో విడత మరింత తీవ్రంగా వచ్చింది. ఏప్రిల్ 24 నుంచి రాత్రి కర్ఫ్యూ విధించారు. మే 5 నుంచి ఉదయం 6 గంటల నుంచి మధ్యాహ్నం 12 వరకే దుకాణాలకు అనుమతించారు. జూన్ 10 వరకు 37 రోజుల పాటు ఇదే నడిచింది. జూన్ 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల వరకు, జూన్ 21 నుంచి సాయంత్రం వరకు వేళలు పెంచారు.

జూలై మొదటి వారంలో రాష్ట్రంలోని ఎనిమిది జిల్లాలకు రాత్రి 9 గంటల వరకు సడలింపు ఇవ్వగా, ఉభయ గోదావరి, కృష్ణా, చిత్తూరు, ప్రకాశం జిల్లాల్లో సాయంత్రం 6 గంటల పరిమితే కొనసాగింది. అక్కడ వ్యాధి వ్యాప్తి ఇంకా తగ్గకపోవడమే ఇందుకు కారణం. పొలం పనులు ముగించుకుని సాయంత్రం అంగడికి వచ్చే జనంపై ఆధారపడిన పల్లె వ్యాపారికి మధ్యాహ్నం మూత అంటే సగం బేరం కాదు, దాదాపు మొత్తం బేరం పోయినట్లే. చాకిరీ వేళల్లో కొట్టు తెరిచి ఉన్నా కొనేవారు ఉండరు.

మార్కాపురం పలకల పరిశ్రమది మరో చిక్కు. కార్ఖానా తెరుచుకోవడానికి అనుమతి వచ్చినా బడులు తెరుచుకోనిదే పిల్లల పలకకు గిరాకీ లేదు. ఆంక్ష ఎత్తివేసిన రోజే వ్యాపారం తిరిగి రాదనడానికి ఇది తేటతెల్లమైన ఉదాహరణ.

చేతికి వచ్చిన డబ్బు

తిరిగి చెల్లించనక్కర లేని సాయం కొన్ని వృత్తులకే దక్కింది. రాష్ట్ర ప్రభుత్వం 2020 జూన్ 10న జగనన్న చేదోడు పథకాన్ని ప్రారంభించి, సొంత దుకాణం ఉన్న దర్జీలు, రజకులు, నాయీ బ్రాహ్మణులకు ఏడాదికి రూ.10 వేల చొప్పున ఖాతాల్లో జమ చేసింది. తొలి ఏడాది రాష్ట్రవ్యాప్తంగా 2,47,040 మందికి రూ.247.04 కోట్లు అందాయి. పాత బాకీల కింద బ్యాంకులు ఈ సొమ్మును జమ కట్టుకోరాదన్న నిబంధన పెట్టడం మేలు చేసింది. 2023 వరకు మరో మూడు విడతలు ఇచ్చారు.

సొంత ఆటో, ట్యాక్సీ నడుపుకునే వారికి వాహనమిత్ర కింద రూ.10 వేల సాయాన్ని ఆ ఏడాది ముందుగానే, జూన్ 4న విడుదల చేశారు. ఏప్రిల్‌లో బియ్యం కార్డు ఉన్న పేద కుటుంబాలకు రూ.వెయ్యి, జన్‌ధన్ ఖాతా ఉన్న మహిళలకు మూడు నెలల పాటు రూ.500 చొప్పున అందాయి. ఇవి ఇల్లు గడవడానికి ఉద్దేశించినవి. కొట్టులో సరుకు నింపుకోవడానికి సరిపోయేవి కావు.

అప్పుగా వచ్చిన సాయం

టీ బంకు, టిఫిన్ బండి, చిల్లర కొట్టు, కూరగాయల గంప నడిపేవారికి అందినది ప్రధానంగా రుణమే. కేంద్రం 2020 జూన్ 1న ప్రారంభించిన పీఎం స్వనిధి కింద తొలి విడత రూ.10 వేలు, సక్రమంగా చెల్లిస్తే తర్వాత రూ.20 వేలు, రూ.50 వేలు ఇచ్చారు. వడ్డీలో 7 శాతం రాయితీ ఉంది. అయితే ఇది పట్టణ పథకం. మార్కాపురం, గిద్దలూరు వంటి పట్టణాల వీధి వ్యాపారులకు వర్తించింది. పల్లె నుంచి వెళ్లి పట్టణ పరిధిలో అమ్ముకునేవారికీ అవకాశం ఉంది. అర్ధవీడులోనో, కాకర్ల, నాగులవరం వంటి ఊళ్లలోనో అమ్ముకునేవారికి మాత్రం లేదు. అదే బండి, అదే సరుకు, అదే నష్టం. పంచాయతీ పరిధిలో ఉన్నందున అర్హత లేదు.

ఈ ఖాళీని 2020 నవంబరు 25న మొదలైన జగనన్న తోడు కొంత పూడ్చింది. గ్రామాల్లోని చిరు వ్యాపారులకూ రూ.10 వేల బ్యాంకు రుణం ఇప్పించి, వడ్డీని ప్రభుత్వం భరించింది. అయిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు మించని కొట్టు ఉన్నవారు, రోడ్డు పక్కన, తోపుడుబండిపై, తలపై గంపతో అమ్ముకునేవారు అర్హులు. గ్రామాల్లో కుటుంబ నెల ఆదాయం రూ.10 వేలు మించరాదు. దరఖాస్తులను గ్రామ సచివాలయాల ద్వారా తీసుకున్నారు. నూటికి నెలకు రూ.3 వడ్డీకి బయట రూ.10 వేలు తెస్తే ఏడాదికి రూ.3,600 వడ్డీకే పోతుంది. ఆ మేరకు ఇది నికరమైన మేలు. కానీ అసలు తిరిగి కట్టాల్సిందే. 2021 జూన్ 8న రెండో విడతగా 3.70 లక్షల మందికి రూ.370 కోట్లు ఇచ్చినప్పుడు రాష్ట్రం ఇంకా కర్ఫ్యూలోనే ఉంది.

కొలత కాస్త మించిన కొట్టు సంగతి వేరు. పదడుగుల గదిలో కిరాణా పెట్టుకున్న వ్యాపారి చిరు వ్యాపారి లెక్కలోకి రాడు. కేంద్రం 2020 మేలో ప్రకటించిన రూ.3 లక్షల కోట్ల అత్యవసర రుణ హామీ పథకం 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో వ్యాపార రుణం ఉన్నవారికే వర్తించింది. బాకీలో 20 శాతం మేర అదనపు రుణాన్ని పూచీకత్తు లేకుండా ఇచ్చారు. ఏనాడూ బ్యాంకు అప్పు తీసుకోని వ్యాపారికి ఆ పొదుపే అడ్డయింది.

వాయిదాలపై రిజర్వు బ్యాంకు 2020 మార్చి నుంచి ఆగస్టు వరకు ఆరు నెలల మారటోరియం ఇచ్చింది. అది మాఫీ కాదు, గడువు మాత్రమే. ఆ కాలానికి వడ్డీ పడుతూనే ఉంది. రూ.2 కోట్ల లోపు రుణాలపై వడ్డీ మీద వడ్డీని మాత్రం కేంద్రం తానే భరించి, ఆ ఏడాది నవంబరులో ఖాతాల్లో జమ చేయించింది.

ఇతర దేశాల్లో

జర్మనీ 2020 వసంతంలో అయిదుగురి వరకు పనివారున్న సంస్థలకు మూడు నెలల ఖర్చుల కోసం 9 వేల యూరోల వరకు తిరిగి చెల్లించనక్కర లేని సాయం ప్రకటించింది. ఇంగ్లండులో స్థానిక పన్ను రాయితీ పొందే చిన్న దుకాణాలకు 10 వేల పౌండ్ల గ్రాంటు ఇచ్చారు. అక్కడ ప్రతి దుకాణం పన్ను చిట్టాలో ఉండటం వల్ల లబ్ధిదారును గుర్తించడం తేలికైంది. పల్లె కొట్టు ఏ చిట్టాలోనూ లేకపోవడమే ఇక్కడి అసలు లోటు.

ఇప్పుడు ఉన్నవి

స్వనిధి పథకాన్ని 2025 ఆగస్టులో కేంద్రం 2030 మార్చి 31 వరకు పొడిగించి, తొలి విడతను రూ.15 వేలకు, రెండో విడతను రూ.25 వేలకు పెంచింది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ గ్రామాలకూ వర్తిస్తుంది. దర్జీలు, రజకులు, క్షురకులు, కుమ్మరులు, వడ్రంగులు, చెప్పులు కుట్టేవారు సహా 18 వృత్తులవారికి శిక్షణ, పనిముట్లకు రూ.15 వేలు, 5 శాతం వడ్డీకి తొలుత రూ.లక్ష, తర్వాత రూ.2 లక్షల రుణం ఇందులో ఉన్నాయి. కుటుంబంలో ఒక్కరికే అర్హత. దరఖాస్తును కామన్ సర్వీస్ సెంటర్‌లో నమోదు చేస్తారు. తొలి పరిశీలన పంచాయతీదే.

వృత్తిదారులు కాని కిరాణా, టీ కొట్ల వారికి ముద్ర రుణమే దారి. శిశు విభాగంలో రూ.50 వేల వరకు పూచీకత్తు లేకుండా ఇస్తారు. 2021 జూలైలో చిల్లర, టోకు వ్యాపారులను కూడా సూక్ష్మ, చిన్న సంస్థల జాబితాలో చేర్చినందున కొట్టు యజమాని ఉద్యమ్ నమోదు చేసుకోవచ్చు. జీఎస్టీ లేని అతి చిన్న వ్యాపారుల కోసం 2023 జనవరిలో ఉద్యమ్ అసిస్ట్ వచ్చింది. రెండింటికీ రుసుము లేదు.

నమోదు చేసుకున్నంత మాత్రాన రుణం రాదు. కానీ కరోనా నాటి అనుభవం చెబుతున్నది ఒక్కటే: కాగితంపై లేని కొట్టు మూతపడితే ఆ నష్టం కూడా కాగితంపైకి ఎక్కదు. మళ్లీ కొట్లు మూయించే విపత్తు ఏది వచ్చినా ప్రభుత్వం మొదట తెరిచేది జాబితానే.